సగం ఎలుకలు చచ్చే మోతాదు: మందు డబ్బాపై రంగు తేల్చే అంకె

పురుగు మందు డబ్బా ఏది చేతికి తీసుకున్నా, దానిపై మూల మీద నిలబెట్టిన ఒక చదరం గుర్తు కనిపిస్తుంది. ఆ చదరాన్ని అడ్డంగా రెండు త్రిభుజాలుగా విడగొట్టి ఉంటారు. కింది త్రిభుజం నిండా ఒక రంగు ఉంటుంది. అది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఏదో ఒకటి. ఎరుపు రంగు మందయితే పై త్రిభుజంలో పుర్రె, ఎముకల బొమ్మతో పాటు 'విషం' అన్న మాట ఎర్ర అక్షరాలలో ఉంటుంది. పసుపుకు పుర్రె ఉండదు, 'విషం' అన్న మాట మాత్రం ఉంటుంది. నీలం రంగు మందుపై 'అపాయం' అనీ, ఆకుపచ్చ మందుపై 'జాగ్రత్త' అనీ హెచ్చరిస్తారు. అక్షరం ముక్క రాని రైతు సైతం రంగును బట్టి మందు తీవ్రతను గుర్తించగలడన్నది నిబంధనలు రూపొందించిన వారి ఉద్దేశం.

ఆ రంగును ఎవరు, ఏ ప్రాతిపదికపై నిర్ణయిస్తారన్నది మాత్రం కొనే రైతుకే కాదు, అమ్మే దుకాణదారుకూ సాధారణంగా తెలియదు. ప్రయోగశాలలో ఎలుకల బోనుల వద్ద తేలిన ఒక అంకె దానిని నిర్ణయిస్తుంది. ప్రయోగానికి పెట్టిన జంతువులలో సరిగ్గా సగాన్ని చంపగల మోతాదు అది. శాస్త్రజ్ఞులు దీనిని 'ఎల్.డి. 50' అని వ్యవహరిస్తారు. జంతువు శరీర బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని దానిని లెక్క కడతారు. అంకె ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమైనదన్న మాట. మనం రోజూ వాడే వంట ఉప్పుకు కూడా ఈ అంకె ఉంది. ఎలుకలలో అది కిలోకు సుమారు 3,000 మిల్లీగ్రాములు.

రసాయన పదార్థాల తక్షణ విషప్రభావాన్ని కొలిచేందుకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కొలమానం ఇదే. అయితే ఈ అంకెను మనిషి ప్రాణానికి కొలతగా తీసుకోవడం ఎంతవరకు సమంజసమన్న సందేహానికి దక్షిణాసియా ఆస్పత్రుల వార్డులలో గట్టి సమాధానమే లభించింది.

కేరళ దుర్ఘటనతో చట్టం

మన దేశంలో పురుగు మందులపై చట్టం ఒక పెద్ద విషాదం ఫలితంగా వచ్చింది. 1958లో కేరళలో గోధుమ పిండితో చేసిన ఆహారం తిన్న వారు వందల సంఖ్యలో అస్వస్థులయ్యారు. వారిలో 100 మందికి పైగా మరణించారు. 'ఫాలిడాల్' పేరుతో అమ్ముడయ్యే పారథియాన్ అనే పురుగు మందు ఆ పిండిలో కలిసిందని తేలింది. ఆహార పదార్థాలను, విష పదార్థాలను కలిపి రవాణా చేయకూడదన్న నిబంధన గాని, మందు ఎంత విషమో డబ్బాపై చెప్పాలన్న నిబంధన గాని నాడు సమగ్ర రూపంలో లేవు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ జె.సి. షా అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. అనంతర పరిణామాల ఫలితంగా 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నియమావళి వెలువడ్డాయి.

నాలుగు రంగుల పట్టిక ఆ నియమావళిలోనిదే. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎల్.డి. 50 విలువ 1 నుంచి 50 వరకు ఉంటే ఎరుపు, అంటే 'అత్యంత తీవ్ర విషం'. 51 నుంచి 500 వరకు పసుపు, 'తీవ్ర విషం'. 501 నుంచి 5,000 వరకు నీలం, 'మధ్యస్థ విషం'. అంతకు మించితే ఆకుపచ్చ, 'స్వల్ప విషం'. చర్మం ద్వారా సోకే మోతాదుకు వేరే వరుస ఉన్నది. అందులో ఎరుపు 200 దాకా, పసుపు 2,000 దాకా, నీలం 20,000 దాకా సాగుతాయి. ఈ చదరం గుర్తు మొత్తం లేబులు వైశాల్యంలో పదహారో వంతుకు తగ్గరాదని కూడా నిబంధన ఉన్నది. చిన్న సీసాలపై ఆ పదహారో వంతు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

మందును నమోదు చేయించుకునే కంపెనీ ఫరీదాబాద్‌లోని కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు, నమోదు కమిటీలకు ప్రయోగ ఫలితాలను సమర్పించవలసి ఉంటుంది. నోటి ద్వారా, చర్మం ద్వారా, శ్వాస ద్వారా విషప్రభావం ఎంతన్న వివరాలతో పాటు కంటికీ చర్మానికీ కలిగే మంట గురించిన పరీక్షలూ అందులో ఉంటాయి. కాగా రంగును నిర్ణయించే పట్టికలో మాత్రం నోటికి, చర్మానికి తప్ప శ్వాసకు వరుస లేకపోవడం గమనార్హం. దీని పర్యవసానం ఏమిటో 2017లో తెలిసివచ్చింది. ఆ సంగతి తరువాత.

ట్రెవన్ వేసిన లెక్క

ఎల్.డి. 50 అన్న భావనను 1927లో జె.డబ్ల్యు. ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. అప్పటికి ఆయన మనసులో పురుగు మందులు గాని, డబ్బాలపై రంగులు గాని లేవు. గుండె జబ్బుకు వాడే డిజిటాలిస్, మధుమేహానికి వాడే ఇన్సులిన్ వంటి ఔషధాలు ఒక్కో తయారీలో ఒక్కో బలంతో వచ్చేవి. ఏ తయారీ బలం ఎంతో పోల్చి చూడటానికి ఒక నికరమైన గుర్తు కావలసివచ్చింది. ఒకే మోతాదుకు ఒక జంతువు చస్తుంది, పక్కనున్నది బతుకుతుంది. కాబట్టి 'చంపే మోతాదు' అన్నది ఒక్కటిగా ఉండదనీ, గుంపులో సగం చచ్చే చోట లెక్క కడితే అంకె అన్నిటికంటే స్థిరంగా వస్తుందనీ ఆయన గుర్తించారు. గణిత శాస్త్రపరంగా ఇది నిస్సందేహంగా గొప్ప ఆలోచన.

ఔషధాల బలాన్ని పోల్చేందుకు పుట్టిన ఈ లెక్కను తరువాతి దశాబ్దాలలో రసాయనాలన్నిటికీ వర్తింపజేశారు. రంగుల నుంచి సబ్బుల దాకా ఏ పదార్థానికైనా ఎల్.డి. 50 తేల్చడం ఆనవాయితీగా మారింది. ఒక్కో పరీక్షకు వంద జంతువుల దాకా వినియోగించిన రోజులున్నాయి. ముందు రోజు రాత్రి మేత ఆపి, మర్నాడు సన్నని గొట్టంతో మందును నేరుగా కడుపులోకి పంపి, 14 రోజుల పాటు గమనించి, చచ్చిన వాటిని లెక్కపెట్టడం పద్ధతి. ఆ లెక్క నుంచి దశాంశ స్థానాల దాకా అంకెను సాధించేవారు.

అయితే ఆ అంకె అంత కచ్చితమైనదేమీ కాదు. జంతువు జాతిని బట్టి, వయస్సును బట్టి, ఆడా మగా అన్నదానిని బట్టి, కడుపు ఖాళీగా ఉన్నదా నిండుగా ఉన్నదా అన్నదానిని బట్టి అంకె మారుతుంది. మందును నూనెలో కలిపి ఇచ్చారా, నీటిలో కలిపి ఇచ్చారా అన్నదానిని బట్టి కూడా మారుతుంది. డయాక్సిన్లలో అతి తీవ్రమైన రకాన్ని తీసుకుంటే, గినీ పందిని చంపే మోతాదుకూ హామ్‌స్టర్ అనే మరో ఎలుక జాతి జంతువును చంపే మోతాదుకూ మధ్య వెయ్యి రెట్లకు పైగా తేడా ఉన్నట్లు తేలింది. ఈ రెంటిలో మనిషి దేనికి దగ్గర అన్న ప్రశ్నకు ఎలుకల బోనులో సమాధానం దొరకదు.

ఒకటే అంకె, మూడు పేర్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో పురుగు మందులను ప్రమాద తీవ్రతను బట్టి వర్గీకరించే విధానాన్ని ఆమోదించింది. దానికీ ఆధారం ప్రధానంగా ఎలుకలలో ఎల్.డి. 50 విలువే. 2009లో సవరించిన ప్రకారం కిలోకు 5 మిల్లీగ్రాముల లోపు 'ఒకటి-ఎ', 5 నుంచి 50 వరకు 'ఒకటి-బి', 50 నుంచి 2,000 వరకు రెండో తరగతి, ఆపైన మూడో తరగతి. ఐక్యరాజ్య సమితి 2003లో ప్రచురించిన మరో విధానం ప్రపంచంలోని రసాయనాలన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలన్న ఉద్దేశంతో వచ్చింది. అందులో మెట్లు 5, 50, 300, 2,000 వద్ద ఉంటాయి.

ఇప్పుడు ఎండోసల్ఫాన్ సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో దాని విలువ 80. ఆ సంస్థ లెక్కన అది రెండో తరగతి, అంటే 'మధ్యస్థంగా ప్రమాదకరం'. భారత నియమావళి లెక్కన పసుపు, అంటే 'తీవ్ర విషం', పుర్రె బొమ్మ లేదు. ఐక్యరాజ్య సమితి మెట్ల ప్రకారం అది మూడో వర్గంలో పడుతుంది, దానికి పుర్రె బొమ్మ తప్పనిసరి. ఒకే ఎలుకలు, ఒకే అంకె, మూడు పేర్లు. ఏజెన్సీ వార్తలో 'మోడరేట్లీ హజార్డస్' అన్న మాట వచ్చినప్పుడల్లా డెస్కుపై ఉన్నవారు 'ఒక మోస్తరు ప్రమాదకరం' అని అనువదించి పంపించివేస్తూ ఉంటారు. ఆ 'మోస్తరు' ఎవరి మోస్తరు అని ఆగి ఆలోచించే వ్యవధి రాత్రి డ్యూటీలో ఉండదు. చదివే రైతుకు మాత్రం ఆ మాట 'ఫరవాలేదు' అన్నట్లే వినిపిస్తుంది.

ఈ వర్గీకరణలోని మరో విశేషం, అది చెప్పేది తక్షణ ప్రభావం గురించే. ఏళ్ల తరబడి కొద్ది కొద్దిగా ఒంట్లో చేరితే ఏమవుతుందన్నది ఆ రంగులో లేదు. ఆకుపచ్చ త్రిభుజం ఉన్న మందు దీర్ఘకాలంలోనూ నిరపాయమైనదని అర్థం చేసుకోరాదు.

శ్రీలంక నేర్పిన పాఠం

ఈ అంకెలను ఆస్పత్రి వార్డులోని మరణాలతో పోల్చి చూసిన ఘనత శ్రీలంకకు దక్కుతుంది. ఆ దేశంలో పురుగు మందు తాగి మరణించే గ్రామీణుల సంఖ్య 1980లు, 90లలో ప్రపంచంలోనే అతి ఎక్కువ స్థాయిలో ఉండేది. ప్రభుత్వం 1984లో పారథియాన్, మిథైల్ పారథియాన్‌లను నిషేధించింది. 1995లో మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్‌లతో ఒకటో తరగతి మందులను తొలగించడం పూర్తి చేసింది. అంటే ఎలుకల అంకె ప్రకారం అతి ప్రమాదకరమైనవన్నీ మార్కెట్టు నుంచి పోయినట్లే.

అయితే రైతు పురుగుల బాధ నిషేధంతో తీరదు కదా. ఒకటో తరగతి మందులు పోగానే రెండో తరగతికి చెందిన ఎండోసల్ఫాన్ వాడకం పెరిగింది. దానిని మింగిన వారికి ఆగకుండా మూర్ఛలు వచ్చేవి. అటువంటి మూర్ఛలతో మరణించిన వారు ఒక ప్రాంతపు ఆస్పత్రులలో 1994లో ఒక్కరు కాగా, 1998 నాటికి ఆ సంఖ్య 50కి చేరింది. ఆ ఏడాదే ఎండోసల్ఫాన్‌ను నిషేధించారు. 2001లో అటువంటి మరణాలు మూడుకు తగ్గాయి. 'మధ్యస్థంగా ప్రమాదకరం' అన్న పేరు వల్ల మేలు ఎంత జరిగిందో ఈ అంకెలే చెబుతాయి. కాగా 1995 నుంచి 2005 వరకు గడచిన పదేళ్లలో ఆ దేశపు మొత్తం ఆత్మహత్యల రేటు సగానికి తగ్గడం విశేషం.

ఇంతకంటే తేటతెల్లమైన ఫలితం 2005లో వెలువడింది. మైకేల్ ఎడిల్‌స్టన్, ఆయన సహచరులు శ్రీలంక గ్రామీణ ఆస్పత్రులలో చేరిన 802 మంది రోగులను పరిశీలించి 'లాన్సెట్' పత్రికలో వివరాలు ప్రకటించారు. వారంతా క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, ఫెంథియాన్ అనే మూడు మందులలో ఏదో ఒకటి మింగినవారు. మూడూ ఒకే రసాయన కుటుంబానికి చెందినవి. మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండో తరగతిలోనివే. క్లోర్‌పైరిఫాస్‌కు ఎల్.డి. 50 విలువ 135, డైమిథోయేట్‌కు 150కి అటూ ఇటూ. అంకెను నమ్మితే డైమిథోయేట్ ఒక పిసరు తక్కువ విషం కావాలి. వార్డులో కనబడినది మరొకటి. క్లోర్‌పైరిఫాస్ తీసుకున్న 439 మందిలో 35 మంది, అంటే 8 శాతం మరణించారు. ఫెంథియాన్ విషయంలో ఇది 16 శాతం. డైమిథోయేట్ తీసుకున్న 264 మందిలో 61 మంది, అంటే 23 శాతం మరణించారు. ఎలుకల అంకె తక్కువ విషమన్న మందుతోనే మనుషులు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చనిపోయారన్న మాట.

కారణాలు లేకపోలేదు. ఎలుకకు ఎవరూ చికిత్స చేయరు. మనిషిని ఆస్పత్రికి తీసుకువెళతారు, అట్రోపిన్ ఇస్తారు, ఊపిరి అందకపోతే యంత్రం పెడతారు. కాబట్టి మందు ఎంత వేగంగా పనిచేస్తుంది, విరుగుడుకు లొంగుతుందా లేదా అన్నవి మనిషి విషయంలో కీలకమవుతాయి. డైమిథోయేట్ త్వరగా రక్తపోటును పడగొడుతుంది. వైద్యుడికి వ్యవధి చిక్కదు. పైగా రైతు కొనేది ప్రయోగశాలలోని శుద్ధ రసాయనం కాదు, ద్రావకాలతో కలిపిన సరుకు. 2012లో అదే బృందం చిన్న జాతి పందులపై ప్రయోగం చేసి, డైమిథోయేట్ సరుకు విషతీవ్రతలో అందులో కలిపే ద్రావకానికి కూడా పాత్ర ఉన్నదని తేల్చింది.

2010లో ప్రచురితమైన మరో అధ్యయనంలో శ్రీలంకలోని రెండు పెద్ద ఆస్పత్రులలో చేరిన 9,302 కేసులను పరిశీలించారు. మరణాల శాతం కొన్ని మందులకు సున్నా, పారాక్వాట్ అనే కలుపు మందుకు 42. ఒకే తరగతిలో పెట్టిన మందుల మధ్య కూడా తేడాలు భారీగా ఉన్నట్లు వెల్లడయింది. పారాక్వాట్‌కు నిర్దిష్టమైన విరుగుడు లేదు. ఊపిరితిత్తులు రోజుల తరబడి పాడవుతూ పోతాయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అది రెండో తరగతి, మన దేశంలో దాని డబ్బాపై రంగు పసుపు. శ్రీలంక మాత్రం ఆస్పత్రుల లెక్కలను చూసి 2008లో పారాక్వాట్, డైమిథోయేట్, ఫెంథియాన్‌లను దశలవారీగా తొలగించాలని నిర్ణయించి అమలు చేసింది. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2011లో పారాక్వాట్‌తో పాటు పలు మందుల అమ్మకాన్ని నిలిపివేసింది. బంగ్లాదేశ్ 2000 సంవత్సరంలోనే ఒకటో తరగతి మందులను తొలగించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ విధానంలోనే దీనికి వెసులుబాటు ఉన్నదన్న సంగతి మరువరాదు. మనిషి శరీరం స్పందించే తీరుకు ఎలుక సరైన ప్రతినిధి కాదని తేలితే మరో జంతువు ఫలితాన్ని ఆధారం చేసుకుని తరగతిని మార్చవచ్చునని అది చెబుతున్నది. అయితే ఆ మాట చెప్పవలసిన ఆస్పత్రులు లెక్కలు రాసిపెట్టాలి, ఆ లెక్కలు చూడవలసిన నమోదు అధికారులు అడిగి తెప్పించుకోవాలి.

వరంగల్ వార్డులలో

ఆ విధంగా లెక్కలు రాసిన చోటు మన ప్రాంతంలోనూ ఒకటి ఉన్నది. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగు మందుల విషప్రభావంతో చేరిన వారి సంఖ్య 8,040. పత్తి రైతుల ఆత్మహత్యలతో ఆ జిల్లా పేరు దేశమంతటా మార్మోగిన కాలమది. చేరిన వారిలో 22.6 శాతం మంది మరణించినట్లు 2005లో వెలువడిన అధ్యయనం వెల్లడించింది. మింగిన మందు ఏదో తెలిసిన కేసులను 2002 సంవత్సరానికి విడిగా పరిశీలించగా, మరణాలలో అధిక భాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందులే కారణమని తేలింది. ఒకటి ఎరుపు, మరొకటి పసుపు.

ఎండోసల్ఫాన్‌పై సుప్రీంకోర్టు 2011 మే 13న దేశవ్యాప్తంగా నిషేధం విధిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కాసరగోడు జీడిమామిడి తోటల చుట్టుపక్కల ప్రజలు అనుభవించిన దీర్ఘకాలిక బాధలు ఆ ఉత్తర్వుకు నేపథ్యం. వరంగల్ వార్డులలోని తక్షణ మరణాలు ఆ చర్చలో పెద్దగా వినబడలేదు.

మోనోక్రోటోఫాస్ కథ మరింత సుదీర్ఘమైనది. ఎలుకలలో దాని విలువ 14. ఎరుపు రంగుకు అర్హమైనదనడంలో ఎవరికీ సందేహం లేదు. కూరగాయలపై దాని వాడకాన్ని 2005లో నిషేధించారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో దాని వాడకం వల్ల ఆరోగ్యానికి కలుగుతున్న హానిపై ఒక సమీక్షను ప్రచురించింది. అయినా పత్తి పేరిట అది దుకాణాలలో ఉంటూనే వచ్చింది. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు మరణించారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో బయటపడింది. 1958లో గోధుమ పిండి, 2013లో వంట నూనె. నడుమ 55 ఏళ్లు, ఒక చట్టం, ఒక నియమావళి, నాలుగు రంగులు.

ఆ ఘటన జరిగిన పక్షం రోజులలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఒక ప్రకటన చేస్తూ, అతి ప్రమాదకరమైన మందులను వర్ధమాన దేశాలు మార్కెట్టు నుంచి తొలగించాలని కోరింది. అదే ఏడాది కేంద్రం నియమించిన అనుపమ్ వర్మ కమిటీ, ఇతర దేశాలలో నిషేధానికో ఆంక్షలకో గురై ఇక్కడ వాడుకలో ఉన్న 66 మందులను సమీక్షించింది. దాని సిఫారసుల దరిమిలా 2018లో 18 మందులపై నిషేధపు ఉత్తర్వు వెలువడింది. మిథైల్ పారథియాన్ వంటివి తక్షణం, ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ వంటివి 2020 డిసెంబర్ 31 నుంచి దాని పరిధిలోకి వచ్చాయి. మోనోక్రోటోఫాస్ అందులో లేదు. రైతులు ఎక్కువగా వాడే 36 శాతం ద్రావణంపై నిషేధం 2023లో వచ్చింది. అదీ చేతిలో ఉన్న నిల్వల అమ్మకానికి ఒక ఏడాది గడువుతో.

గాలిలో కలిసిన విషం

శ్వాస సంగతి ముందే ప్రస్తావించాము. 2017 ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు పిచికారీ చేసిన 20 మందికి పైగా రైతులు, వ్యవసాయ కూలీలు మరణించారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. వీరెవరూ మందు మింగినవారు కాదు. ఆ ఏడాది పత్తి మొక్కలు మనిషి ఎత్తు దాటి పెరగడంతో, మందును తలకు పైన చల్లవలసి వచ్చింది. తుంపర ముఖం మీద, ఒంటి మీద పడింది. ముక్కు ద్వారా లోపలికి పోయింది. పైగా రెండు మూడు మందులను ఒకే పంపులో కలిపి కొట్టడం రైతులలో పరిపాటి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క అంకె ఉంటుంది గాని, రైతు బకెట్టులో కలిపిన మిశ్రమానికి ఏ ప్రయోగశాలా ఎల్.డి. 50 తేల్చలేదు. ఆ మిశ్రమానికి రంగు లేదు.

చేతి తొడుగులు, ముసుగు, నిండు చేతుల చొక్కా ధరించాలని ప్రతి డబ్బాలోని కరపత్రం చెబుతుంది. ఎండలో పత్తి చేలో రబ్బరు తొడుగులతో గంటసేపు పని చేసి చూస్తే గాని ఆ సలహా విలువ తెలియదు.

తగ్గిన ఎలుకల సంఖ్య

ఇదిలా ఉండగా, పరీక్షా విధానంలో మంచి మార్పే వచ్చింది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ పరిధిలోని దేశాలు పరీక్షలకు ఉమ్మడి మార్గదర్శకాలను పాటిస్తాయి. వాటిలో 401వ సంఖ్య గలది పాత ఎల్.డి. 50 పరీక్ష. జంతువుల పట్ల క్రూరత్వమన్న విమర్శలు ఒకవైపు, శాస్త్రీయంగా దండగ అన్న విమర్శలు మరోవైపు రావడంతో 2002 డిసెంబర్‌లో దానిని రద్దు చేశారు.

దాని స్థానంలో మూడు పద్ధతులు అమలులోకి వచ్చాయి. ఒకదానిలో ముందే నిర్ణయించిన మోతాదులు ఇచ్చి, చావు కోసం కాక విషలక్షణాల కోసం చూస్తారు. రెండోదానిలో ఒక్కో మెట్టుకు మూడేసి జంతువులకు మందు ఇచ్చి, ఎన్ని చచ్చాయన్నదానిని బట్టి పై మెట్టుకో కింది మెట్టుకో వెళతారు. మూడోది మన పల్లెల్లో వైకుంఠపాళీ ఆటను తలపిస్తుంది. ఒక ఎలుకకు మందు ఇస్తారు. రెండు రోజులు చూస్తారు. అది బతికితే తరువాతి ఎలుకకు మూడు రెట్ల పైచిలుకు మోతాదు, చస్తే అంత తక్కువ మోతాదు. ఇలా ఎక్కుతూ దిగుతూ కొద్దిపాటి జంతువులతోనే ఫలితం తేలుతుంది. సాధారణంగా పది లోపు సరిపోతాయి.

ఈ మార్పు వెనుక ఉన్న తర్కం గమనించదగినది. డబ్బాపై వేయవలసింది రంగు మాత్రమే. రంగుకు కావలసింది అంకె ఏ మెట్టులో పడుతుందన్న సమాచారం మాత్రమే. అటువంటప్పుడు దశాంశ స్థానం కోసం వంద జంతువులను చంపవలసిన పని ఏ రోజూ లేదు. ముప్పాతిక శతాబ్దం పాటు ఆ పని జరిగింది.

భారతదేశం 2011లో ఈ సంస్థ సభ్యత్వం లేకపోయినా, దాని పరస్పర అంగీకార విధానంలో పూర్తిస్థాయి భాగస్వామిగా చేరింది. ఫలితంగా ఇక్కడి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో తేలిన ఫలితాన్ని ఆ దేశాలు మళ్లీ పరీక్ష చేయకుండా స్వీకరిస్తాయి. పరీక్షలు చేసే మన సంస్థలకు ఇది వ్యాపారపరంగానూ లాభదాయకమైన పరిణామం.

అయితే ఎలుకల సంఖ్య తగ్గినంత మాత్రాన ఎలుకకూ మనిషికీ మధ్య ఉన్న దూరం తగ్గలేదు. 1968 చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చేందుకు 2008లో ఒకసారి, 2020 మార్చిలో మరోసారి రాజ్యసభలో బిల్లులు ప్రవేశపెట్టారు. 2020 నాటి బిల్లు స్థాయీ సంఘం పరిశీలనకు వెళ్లింది. నమోదైన మందుపై ఆస్పత్రులలో జరిగే మరణాలను క్రమం తప్పకుండా తెప్పించుకుని, వాటి ఆధారంగా రంగు మార్చే ఏర్పాటు 1971 నియమావళిలో లేదు.

వరంగల్ వంటి ఆస్పత్రులలో వైద్యులకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇంతకంటే చిన్నది. రోగిని తీసుకువచ్చిన వారు 'పురుగుల మందు' అని మాత్రమే చెబుతారు. ఏ మందో తెలియదు. ఆ పేరును బట్టే విరుగుడు ఏమి ఇవ్వాలో, ఎన్ని రోజులు కనిపెట్టి ఉండాలో తేలుతుంది. ఎన్నో కేసులలో రికార్డులో మందు పేరు ఉండవలసిన చోట 'తెలియదు' అని రాస్తారు. సీసానో, డబ్బానో, కనీసం చినిగిన లేబులునో వెంట తీసుకువస్తే వైద్యుడు చూసేది రంగును కాదు. దాని పక్కన చిన్న అక్షరాలలో అచ్చువేసిన రసాయనం పేరును.